అమ్మ ముద్ద

క్వాహెరి. క్వా, హె, రి. మూడక్షరాల మాట, నోరు తిరగనిదేమీ కాదు. మూడు నెలలు ఆ దేశంలో ఉన్నాను. పాలు పోసే ఆవిడ చెప్పేది, బడికెళ్ళే పిల్లలు చెప్పేవాళ్ళు, వాచ్‌మన్ పొద్దుగూకాక గేటు వేస్తూ చెప్పేవాడు, వాళ్ళ స్వాహిలి భాషలో ఇక సెలవు అని. నేను మాత్రం ఒక్కసారి, ఒక్కరికి కూడా చెప్పలేదు. ఇప్పుడు గుడివాడలో బందరు పాసింజరు కదిలాక కిటికీ పక్కన కూర్చుని, ఒళ్ళో అన్నం బాక్సు, కాళ్ళ దగ్గర బందరు చర్చిలో పాడే కాయిర్ పిల్లలకి కుట్టిన పదకొండు గౌన్ల సంచీ పెట్టుకుని, యాభై మూడేళ్ళ దాన్ని ఎక్కాలు అప్పజెప్పే పిల్లలాగా ఆ ఒక్క మాటా వల్లె వేస్తున్నాను. టైము రెండూ పది. మూడింటికి ఫోనొస్తుంది. మూడంటే వాళ్ళకి పన్నెండున్నర, కెన్యాలో కిసుము ఊరి బయట ఆ పిల్లల హోములో అన్నాల గంట కొట్టే వేళ. నలభై ఇద్దరు పిల్లలు చేతులు కడుక్కుని పొడుగు బల్లల దగ్గర సర్దుకుంటారు, నలభై ఒక్కరు తింటారు. తినని ఆ ఒక్కతే అకిన్యి. దానికి ఐదేళ్ళు. అది తిండి మానేసింది నా వల్లే.

హోము చూసుకునే డోర్కస్ నిన్న పంపిన వాయిస్ మెసేజ్ ఇప్పటికి పదిసార్లు విని ఉంటాను. డోర్కస్‌ది నవ్వితే గది నిండే గొంతు, కోపమొస్తే మాత్రం పెరగదు, తగ్గుతుంది. మెసేజ్‌లో బాగా తగ్గింది. స్వర్ణా, నువ్వెళ్ళి పదకొండు రోజులైంది, ఈ పిల్ల ఇంతవరకూ కంచంలో చెయ్యి పెట్టలేదు, పొద్దున కాస్త గంజి, రాత్రి కాసిని పాలు, అంతే. మనిషి సగమైపోయింది. మధ్యాహ్నం నువ్వు కూర్చునే కుర్చీ పక్కన కూర్చుని తలుపు వంక చూస్తూ నోరు తెరుచుకుని ఉంటుంది, మేమెవరం పెట్టబోయినా మూసేస్తుంది. సోమవారానికి కూడా ఇలాగే ఉంటే ఆసుపత్రిలో చేర్చి ముక్కులోంచి గొట్టం వెయ్యాలంటున్నారు. రేపు అన్నాల వేళకి వీడియో కాల్ చేస్తాను, దానికి నిజం చెప్పు, వస్తానని మాత్రం చెప్పకు, వెళ్ళిపోయానని చెప్పు. నా ఇంగ్లీషు అంతంత మాత్రం, అయినా అందులో ఒక్క ముక్క కూడా అర్థం కాకుండా పోలేదు. నోరు తెరుచుకుని ఉంటుందన్న దగ్గర ప్రతిసారీ ఫోన్ ఆపేస్తాను, మళ్ళీ పెడతాను.

అసలు పెట్టమని నన్నెవరడిగారు? అడుసు తొక్కనేల, కాలు కడగనేల. నేను వెళ్ళింది కుట్టు నేర్పడానికి. గుడివాడలో ఇరవై ఆరేళ్ళుగా టైలరింగ్ షాపు నాది, మా సంఘపెద్ద దయానందం గారు ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పిలిచి, స్వర్ణలతమ్మా, కెన్యాలో మనకి తెలిసిన హోముంది, పెద్దాడపిల్లలకి మిషను నేర్పే మనిషి కావాలంటున్నారు, మూడు నెలలు, టికెట్లు సంఘం చూసుకుంటుంది, వెళ్తావా అన్నారు. నేనా, విజయవాడ దాటితే కడుపులో తిప్పే మనిషిని, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా వెళ్తానండీ అనేశాను. ఎందుకన్నానో నాకు తెలుసు. నేను పెరిగింది బందరులో అనాథ పిల్లల హాస్టల్లో. మాకు కుట్టు నేర్పింది ఎక్కడో చలిదేశం నుంచి వచ్చిన ఒక మిస్సమ్మ. నా కూడు ఆవిడ పెట్టిన భిక్షే. రెండేళ్ళుండి వెళ్ళిపోతూ, వరండాలో అరవై మందిమి వరసగా నిలబడితే ఒక్కొక్కరికీ చెయ్యిచ్చి, పేరుతో పిలిచి చెప్పి వెళ్ళింది. నేను బావి వెనకాల దాక్కున్నాను. స్వర్ణా, స్వర్ణా అని పిలుస్తూనే ఉంది, జీపు వాడు హారన్ కొట్టేదాకా. నాకు చిన్నప్పటినుంచీ అంతే, ఎవరైనా వెళ్ళొస్తానంటూ నా ముందు నిలబడితే చెవులకి గడియ వేసుకోవాలనిపిస్తుంది.

గుడ్లవల్లేరు. ఎక్కేవాళ్ళు తోసుకుంటూ ఎక్కారు, ఖాళీ చేపల తట్టతో ఒకావిడ వచ్చి నా ఎదుటి సీట్లో కూలబడింది. అరవై దాటి ఉంటాయి, తట్ట కడిగినా వాసన పోలేదు, ఆ వాసన నాకు అలవాటే, మా పేట వాసనే అది. కూర్చుంటూనే ఫోను తీసి ఎవరికో చేసింది. “ఏవే లక్ష్మీదుర్గా, ఏడుత్తందా? ... అమ్మో, ఇంకా ఎతుకుతుందా గది గదీ? ... నేను పెరటి తలుపులోంచి వచ్చేశానే, అది టీవీ చూత్తంటే. చెప్పేదేంటి, చూత్తే ఏడుత్తది. కాసేపటికి అదే మర్చిపోతాదిలే.” ఫోను నడుముకి దోపుకుని నావైపు చూసి నవ్వింది. గుడ్లవల్లేరులో కూతురి ఇల్లు, మూడేళ్ళ మనవరాలు. చేపలమ్ముకుని అటెళ్ళి దాన్ని చూసి వస్తోంది, కూతురే స్టేషను దాకా ఆటో ఎక్కించిందట. పేరు నాంచారమ్మ, బందరు గిలకలదిండి. అంతా రెండు నిమిషాల్లో చెప్పేసింది. నాకు మాత్రం ఒకటే మాట చెవిలో ఉండిపోయింది, చూత్తే ఏడుత్తది.

అదే కదా నేను చేసింది. ఆ హోములో రెండు కట్టుబాట్లున్నాయి, మొదటి రోజే చెప్పింది డోర్కస్. తన చేత్తో తినగలిగిన పిల్లకి నువ్వు తినిపించకు, నువ్వెళ్ళాక దాని చెయ్యి దానికి ఉండాలి. రెండోది, వెళ్ళే ముందు రోజు సాయంత్రం అందరి ముందూ నిలబడి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని, క్వాహెరి చెప్పి వెళ్ళు, వీళ్ళని చెప్పకుండా వదిలేసినవాళ్ళు చాలామందే ఉన్నారు. తలూపాను. బుద్ధిగా ఊపాను. వారం తిరక్కుండానే మొదటిది తప్పాను. అకిన్యిని అప్పుడే తెచ్చారు, వాళ్ళమ్మ పోయింది, సరస్సు ఒడ్డున చేపలు ఎండబెట్టే పాకల దగ్గర దొరికిందట, కంచం ముందు రాయిలా కూర్చునేది. వాళ్ళు తినేది తెల్లగా ఉండే మొక్కజొన్న సంకటి, దాంట్లోకి ఒమేనా అని వెండిరంగు ఎండుచేపలు, మన మెత్తళ్ళకి మేనత్త కూతుళ్ళే అవి. నేను తీసుకెళ్ళిన కారం, చింతపండు పులుసు కాస్త తగిలించి, గుప్పెట్లో సంకటి నలిపి గుండ్రంగా చేసి, ఇదిగో ఇది డోర్కస్ ముద్ద అన్నాను. తెలుగులోనే. నోరు తెరిచింది. ఇది వాచ్‌మన్ ముద్ద, ఇది కుంటికుక్క ముద్ద, ఇది సరస్సు ముద్ద. పెద్ద ముద్ద, సరస్సు కదా మరి. ఆ పిల్ల నవ్వింది. ఎవరికి మాత్రం చెయ్యి వెనక్కి వస్తుంది? ఆ రోజు నుంచి రోజూ నా కుర్చీ పక్కనే. డోర్కస్ చూసీ చూడనట్టు ఊరుకుంది, పిల్ల నాలుగు కిలోలు పెరిగింది మరి. ముద్ద అన్న మాట కూడా వచ్చేసింది దానికి, కంచం పట్టుకుని నా మిషను దగ్గరికొచ్చి ముద్దా, ముద్దా అని అరిచేది, కుట్టు నేర్చుకునే పిల్లలంతా నవ్వేవాళ్ళు.

రెండోది ఎలా తప్పానంటే, తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది నా మీద నాకే. ముందు రోజు సాయంత్రం అందరూ చేరితే తలనొప్పని పడుకున్నాను. పొద్దున చెబుతాలే అన్నాను. తెల్లారకుండానే కారొచ్చింది, అప్పటికి లేచి కూర్చుని ఉన్నాను. అకిన్యి నా మంచం మీదే పడుకుంది ఆ రాత్రి, ఎవరు పంపారో తెలియదు, దుప్పటి లాక్కుని దూరింది. నా పాత నూలు చీర ఒకటి మడిచి నా చోట పెట్టాను, చెప్పులు చేత్తో పట్టుకున్నాను, చప్పుడవుతుందని. దొంగలాగా. చూస్తే ఏడుస్తుంది కదా అనుకున్నాను. గేటు దగ్గర డోర్కస్ నిలబడి ఉంది. సంచీ అందుకుని కార్లో పెట్టింది. మంచి పనే చేశానని అనుకున్నాను కూడా, విమానం ఎక్కేదాకా. దానికి బాధ లేకుండా వచ్చేశానని. దానికా, నాకా?

“ఏమ్మా, నైవేద్యం పెట్టినట్టు బాక్సు ఒళ్ళో పెట్టుకు కూకున్నావు, తినవేంటి?” నాంచారమ్మ. తింటానండీ, ఒక ఫోను రావాలి అన్నాను. “ఫోనొత్తే నోటితో మాటాడతావు గానీ, అన్నం ఏం చేసింది?” అంది. నవ్వొచ్చింది, తినలేదు. కవుతరం దాటింది. రెండు వైపులా చెరువులు, చెరువుల మధ్య మిగిలిన కాస్త చేలో నాట్లు పచ్చబడ్డాయి. నీళ్ళ మీద ఎండ కళ్ళలో కొడుతోంది. చిన్నప్పుడు నాకు ఇంత నీరు ఒక్కచోట చూస్తే భయం. ఇప్పుడు లేదు. లేదనుకుంటాను.

మా అమ్మ కూడా అంతే వెళ్ళింది. డెబ్భై ఏడు నవంబరు, శుక్రవారం. దివిసీమలో సముద్రం పక్కన మా పేట. అమ్మ నన్ను అవనిగడ్డలో దేవమ్మ పిన్ని ఇంట్లో దింపడానికి తీసుకొచ్చింది, కోతలయ్యేదాకా నాలుగు రోజులుండనియ్యి చెల్లీ అని. నాకు ఐదేళ్ళు. పెరట్లో పెట్ట అప్పుడే పిల్లల్ని లేపింది, పసుపురంగువి. అమ్మ ఒకదాన్ని పట్టి నా రెండు చేతుల్లో పెట్టి, గట్టిగా పట్టుకోకు, మెల్లిగా, ఊపిరాడాలి దానికి, అంది. అదే ఆఖరి మాట. ఆ కోడిపిల్ల గుండె నా వేళ్ళ మీద టకటకా కొట్టుకుంటుంటే నేను దాన్నే చూస్తున్నాను, తలెత్తేసరికి అమ్మ లేదు. చూస్తే ఏడుస్తుంది అని ఉంటుంది పిన్నితో, పక్క సందులోంచి బస్సు దగ్గరికి వెళ్ళి ఉంటుంది. మర్నాడు శనివారం ఉప్పెన వచ్చింది. మా పేటలో మనుషుల్లేరు, గోడల్లేవు. అమ్మ దొరకలేదు, నాన్నా దొరకలేదు. నన్ను వదిలేసి వెళ్ళబట్టే నేను బతికానని అందరూ అన్నారు, పాస్టరు గారు కూడా అన్నారు, దేవుడి చిత్తమమ్మా అని. అవునేమో. కానీ ఒక్కసారి ఎదురుగా నిలబడి వెళ్తున్నానని చెప్పి ఉంటే, ఏడ్చేదాన్నే, కాళ్ళు చుట్టేసుకునేదాన్నే, రెండు దెబ్బలు కూడా వేసేదేమో. ఆ మొహం అయినా గుర్తుండేది. నాకు అమ్మ మొహం గుర్తులేదు, కోడిపిల్ల గుర్తుంది. ఈ మాట నలభై ఎనిమిదేళ్ళలో ఎవరికీ చెప్పలేదు, అమ్మ మీద కోపమని అంటే లోకం ఏమంటుంది?

పిన్ని మంచిది. తన నలుగురితో పాటు నన్నూ ఏడాది సాకింది, తర్వాత చెయ్యలేక బందరు హాస్టల్లో చేర్చింది, తప్పు పట్టను. సాయంత్రాలు ఒకే పళ్ళెంలో అన్నం కలిపి అయిదుగుర్నీ చుట్టూ కూర్చోబెట్టి ముద్దలు పెట్టేది. ఇది తాత ముద్ద, ఇది మావయ్య ముద్ద, ఇది ఆవుదూడ ముద్ద. అన్నీ తినేదాన్ని. ఒక రోజు, ఉప్పెన పోయి నెల అయి ఉంటుంది, నా దగ్గరికొచ్చేసరికి పిన్ని ముద్దని ఇంకాస్త గుండ్రంగా చేసింది. ఇది అమ్మ ముద్దే స్వర్ణా, అంది. నోరు మూసేశాను. బుగ్గలు నొక్కింది, తెరవలేదు. పళ్ళెం దగ్గర లేనివాళ్ళ పేర్లే కదా ముద్దలకి పెట్టేది, పోయినవాళ్ళ పేర్లే కదా. అది తినేస్తే అమ్మ పోయినట్టే అని నా చిన్న బుర్రకి ఎలా తట్టిందో. మర్నాడూ పెట్టబోయింది, మూసేశాను. తర్వాత మానేసింది. నేను అకిన్యికి అందరి పేర్లతోనూ పెట్టాను, కుంటికుక్కని కూడా వదల్లేదు. అమ్మ ముద్ద అని మాత్రం ఒక్కనాడూ అనలేదు.

పెడన. రెండూ నలభై అయిదు. వచ్చే నెల వస్తానంటే ఏం పోయింది? నెల అంటే దానికేం తెలుసు, ఈలోగా తింటుంది, ఒళ్ళు చేస్తుంది, మెల్లిగా మర్చిపోతుంది. ప్రాణం ముఖ్యం గానీ నిజం ముఖ్యమా? ముక్కులో గొట్టం పెడతారు, ఐదేళ్ళ పిల్ల! వస్తా బంగారూ, తిను, వస్తా. ఎంత తేలిక. అమ్మ కూడా తేలికే చేసింది నాకు. మళ్ళీ కెన్యా వెళ్ళేదేమైనా ఉందా, టికెట్టు ఒక్కదానికే సంఘం ఏడాది కానుకలు కూడబెట్టింది, షాపులో ఆర్డర్లన్నీ వెనకబడ్డాయి, వెళ్ళను, వెళ్ళలేను, అది నిజం. అబద్ధం చెబితే ఆ పిల్ల రోజూ తలుపు వంక చూస్తుంది, చూసీ చూసీ ఎప్పుడో ఒకరోజు చూడ్డం మానేస్తుంది, ఆ రోజు పక్కన ఎవరుంటారు? నా పక్కన ఎవరూ లేరు. క్వాహెరి. క్వాహెరి అకిన్యి. పెదవులే కదులుతున్నాయి, బయటికి రావడం లేదు పాడు మాట.

చిలకలపూడి బయట సిగ్నల్ లేక బండి ఆగింది. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, గాలి లేదు. ఫోను మోగింది. తెర మీద ముందు డోర్కస్ గడ్డం, తర్వాత బల్ల, తర్వాత అది. అమ్మా, ఎంత చిక్కిపోయింది! కళ్ళే ఉన్నాయి మొహంలో. నన్ను చూసింది, నవ్వలేదు, తెలిసినట్టు కూడా చెయ్యలేదు. నోరు తెరిచింది. అంతే, తెరిచి ఉంచింది, నా చేతికోసం. ఫోను ఒక చేత్తో, జారిపోతున్న బాక్సు ఇంకో చేత్తో పట్టుకుంటుంటే నాంచారమ్మ లేచి నా పక్కకొచ్చి, “ఇటియ్యమ్మా, నేను పట్టుకుంటా,” అని తీసుకుని నా మొహానికి ఎదురుగా పట్టుకుంది.

అకిన్యి, అన్నాను. నేను మా ఇంటికి వచ్చేశాను. చెప్పకుండా వచ్చేశాను, తప్పు చేశాను. నేను మళ్ళీ రాను. నాకొచ్చిన ఇంగ్లీషులో చెబుతుంటే డోర్కస్ వాళ్ళ భాషలో చెబుతోంది, ఒక్క ముక్క మార్చకుండా, ఆ గొంతులో తెలుస్తుంది. చివరి మాట తనకి వదల్లేదు, నేనే అన్నాను. క్వాహెరి, అకిన్యి. నోరు మూసింది. మెల్లిగా మూసింది. తర్వాత ఏడ్చింది, అలా ఏడవగలదని నాకు తెలియదు, కంచం తోసేసింది, సంకటి బల్ల మీద పడింది, పెట్టెలో నాలుగు సీట్ల అవతల వాళ్ళు కూడా తిరిగి చూశారు. బంగారూ, బంగారూ అని నేను మొదలుపెట్టేసరికి డోర్కస్, స్వర్ణా మాట్లాడకు, ఉండు, కనబడుతూ ఉండు చాలు, అంది. ఉన్నాను. ఏడ్చే మనిషి ఎదురుగా అంతసేపు కూర్చోవడం నా బతుకులో అదే మొదలు. నాకూ కారిపోతున్నాయి, తుడుచుకోలేదు, అది నా మొహం చూడాలి. నాంచారమ్మ చెయ్యి నొప్పెట్టి ఉంటుంది, కదల్చలేదు.

ఎంతసేపటికో ఎక్కిళ్ళలోకి దిగింది. బల్ల మీద పడిన సంకటి వైపు చూసింది. చెయ్యి పెట్టింది. పిడికిట్లో నలిపింది, ముద్ద కుదర్లేదు, వేళ్ళ సందుల్లోంచి జారింది, మళ్ళీ నలిపింది. డోర్కస్ ముద్ద, అంది, తిన్నది. ఇంకోటి చేసింది. కుక్క పేరు చెప్పి తిన్నది. మూడోది చాలాసేపు చేసింది, తెరకి దగ్గరగా తెచ్చి నాకు చూపించింది, తెరంతా తెల్లబడిపోయింది. స్వర్ణ ముద్ద, అంది. నాకిస్తుందనుకున్నాను. ఇవ్వలేదు. దాన్నే కాసేపు చూసి, నోట్లో పెట్టుకుని, నన్ను చూస్తూ నమిలి మింగింది. ఆ మూడే తింది. క్వాహెరి, అంది చెయ్యి ఎత్తి, చేతికి సంకటి అంటుకుని ఉంది. లైను తెగిపోయింది.

బండి కదిలింది. నాంచారమ్మ ఫోను నా ఒళ్ళో పెట్టి చెయ్యి విదుల్చుకుంది. భాష ఒక్కటీ అర్థమై ఉండదు ఆవిడకి, చీర చెంగుతో ముక్కు తుడుచుకుంది. “అమ్మాయ్, నా ఫోన్లో కూడా ఇట్టా బొమ్మ కనపడతాదా? మా పిల్లకి కలిపి పెట్టు. వచ్చేశానని దానికి చెప్పాలి,” అంది. పెడతానండీ, దిగాక పెడతాను అన్నాను. “ముందు నువ్వు తిను,” అంది.

మూత తీశాను. పెరుగన్నం, పక్కన మాగాయి ముక్క. ఐదేళ్ళ పిల్ల చెయ్యగలిగిన పని. మెతుకులన్నీ దగ్గరికి తీసి గట్టిగా నొక్కకుండా, మెల్లిగా, ఒక ముద్ద చేశాను. ఇది అమ్మ ముద్ద, అన్నాను, పైకే. నాంచారమ్మ ఎవరి అమ్మ అని అడగలేదు. “తిను మరి, స్టేషనొచ్చేత్తంది,” అంది. తిన్నాను.